సన్‌మైకా పని మొదలుపెట్టే ముందు మేనకోడలికి ఒక లేఖ

చి. సౌ. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కబోర్డుల కోసం నువ్వు వాట్సాప్‌లో పంపిన సన్‌మైకా షేడ్లన్నీ చూశాను. ఏ రంగు వేయించమంటావు అని అడిగావు. రంగు నీ ఇష్టం తల్లీ, రోజూ చూసుకునేది నువ్వు. ఇన్నేళ్లుగా ఇళ్లకు చెక్కపని చేయిస్తున్నాను, రంగు వెలిసిపోయి పాడైన కబోర్డులు నాకు కనిపించింది చాలా తక్కువ. పాడైనవాటిలో దాదాపు అన్నీ అంచు లేచిపోయినవో, లోపలి చెక్క ఉబ్బినవో. పైగా మీది విశాఖ, గాలిలో ఎప్పుడూ తేమే. కాబట్టి ముందు అంచుల గురించి, లోపలి చెక్క గురించి ఆలోచించు. రంగు సంగతి తర్వాత చూద్దాం.

మీ ఇంటీరియర్ వాళ్లు వంటింటి కబోర్డులకు మెంబ్రేన్ షట్టర్లు, అంటే ఫిల్మ్ అతికించిన తలుపులు, వేయిద్దాం అంటున్నారన్నావు. చూడ్డానికి అవి బాగానే ఉంటాయి. ఎండీఎఫ్ (చెక్క పీచును గమ్ముతో కలిపి నొక్కి చేసే బోర్డు) మీద డిజైన్ చెక్కి, పలచటి పీవీసీ ఫిల్మ్‌ను వేడిచేసి, గాలి లాగేసి అతికిస్తారు. ముందువైపు ఎక్కడా అతుకు కనిపించదు. కానీ అక్కడ పట్టి ఉంచేది గమ్ము, ఎక్కువ వేడి తగిలితే అది మెత్తబడుతుంది. మన వంటిల్లు ఎలా ఉంటుందో నీకు తెలియంది కాదు. పొద్దున్నే కుక్కర్ విజిల్స్, పక్కనే రైస్ కుక్కర్ ఆవిరి, అదంతా నేరుగా వెళ్లి పై కబోర్డు అడుగున తగులుతుంది. కొన్నాళ్లకు కింది మూల దగ్గర ఫిల్మ్ కొద్దిగా విడుతుంది, ఆ సందులోంచి తేమ లోపలికి పోతుంది, ఎండీఎఫ్ ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బిన ఎండీఎఫ్ మళ్లీ మామూలుగా అవదు. పడగ్గది వార్డ్‌రోబ్‌కు మెంబ్రేన్ వేయించుకుంటానంటే నేను అడ్డు చెప్పను. స్టవ్ ఉన్న గదిలో మాత్రం వద్దు.

వంటింటికి మంచి ప్లైవుడ్, దానిమీద 1 ఎం.ఎం. సన్‌మైకా. ఇదే నా మాట. సన్‌మైకా అంటే ప్లాస్టిక్ షీటు అనుకుంటారు చాలామంది. నిజానికి అది కాగితమే. ఫినాలిక్ రెసిన్‌లో నానబెట్టిన క్రాఫ్ట్ కాగితాలను పొరలుగా పేర్చి, పైన మెలమైన్ రెసిన్ పట్టించిన డిజైన్ కాగితం వేసి, బాగా వేడిచేసి విపరీతమైన ఒత్తిడితో నొక్కుతారు. అందుకే దానికంత గట్టిదనం. షీటును కోసిన చోట ముదురు గోధుమరంగు గీత కనిపిస్తుంది చూడు, అది ఆ క్రాఫ్ట్ కాగితమే. వేడినీ నీళ్లనూ పై ముఖం బాగానే తట్టుకుంటుంది. అయినా పొయ్యి మీంచి దింపిన మూకుడు నేరుగా దానిమీద పెడితే బొబ్బలెక్కుతుంది.

ఇక ప్లైవుడ్. వంటింటికీ, బాత్రూమ్ గోడను ఆనుకున్న వార్డ్‌రోబ్‌కూ ఐఎస్ 710 రకమే అడుగు, అది నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లై. పొడిగా ఉండే గదుల్లో మామూలు వాడుకకు చేసే ఐఎస్ 303 చాలు. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, ఈ నంబరు, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ముద్రించి ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ (ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుంటే ఆ లైసెన్సు అసలుదో కాదో అక్కడే తెలిసిపోతుంది. ఇదంతా సరుకు దిగిన రోజే చూడాలి. సన్‌మైకా అంటించేశాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. ఆ ముద్రలకు ఫోటోలు తీసి దాచుకో. ఎవరేమనుకుంటారో అని మొహమాటపడకు. డబ్బు మీది.

అంటించే రోజు మీ ఇద్దరిలో ఎవరో ఒకరు సైట్‌లో ఉండాలి. ఒక్క రోజు సెలవు పెట్టుకుంటే చాలు. ప్లై మీద రంపపు పొట్టు ఒక్క రవ్వ కూడా లేకుండా తుడిచాకే ఫెవికాల్ రాయాలి. గమ్మును పళ్లున్న పట్టీతో అంచుల దాకా సమంగా పరవాలి. తొందరలో ఉన్న కుర్రాళ్లు మధ్యలో గుమ్మరించి అంచుల దగ్గర పలచగా లాగేస్తారు, తర్వాత లేచేది సరిగ్గా అక్కడే. షీటు వేశాక షట్టర్లను చదునైన చోట ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన బరువులు పెట్టి రాత్రంతా వదిలేయాలి. వానాకాలమైతే ఇంకో పూట ఆగమను. మర్నాడు నువ్వే ఒక్కో షట్టర్‌నూ వేలి కణుపుతో కొట్టి చూడు, ముఖ్యంగా నాలుగు మూలలా. గట్టి చప్పుడు వస్తే పట్టినట్టు, డొల్ల చప్పుడు వస్తే అక్కడ గమ్ము చేరలేదన్నట్టు. అలాంటి చోట చాక్‌పీసుతో గుర్తుపెట్టి మళ్లీ చేయించు. తలుపు బిగించాక చెబితే ఎవరూ వినిపించుకోరు.

వార్డ్‌రోబ్ తలుపులకు ఇంకొకటుంది. ఏడడుగుల తలుపుకు బయటివైపు సన్‌మైకా వేసి, లోపలివైపు పెయింటు కొట్టి సరిపెడతామంటారు. ఒప్పుకోకు. ఒకవైపు తేమ పీల్చుకుని రెండోవైపు పీల్చకపోతే తలుపు విల్లులా వంగుతుంది. అప్పుడు బందులు ఎంత బిగించినా మూయదు. లోపలివైపు కూడా లైనర్ షీటు, అంటే లోపలికి వేసే సన్‌మైకా, వేయాల్సిందే, పలచటిదైనా పర్వాలేదు. కొటేషన్‌లో బయట ఎంత మందం, లోపల ఎంత మందం అని విడివిడిగా రాయించు. ఉత్త ‘లామినేట్’ (సన్‌మైకాకే ఇంకో పేరు) అని రాసి ఊరుకుంటే బయటివైపు కూడా 0.8 ఎం.ఎం. వేసేస్తారు.

అంచులకు పీవీసీ ఎడ్జ్ బ్యాండ్, అంటే కోసిన అంచును మూసే పట్టీ, మెషీన్‌తో వేయిస్తే మంచిది. షట్టర్లకు 2 ఎం.ఎం., లోపలి అరలకు 0.8 సరిపోతుంది. సింకు కింది కబోర్డుకు మాత్రం నాలుగు అంచులూ, పైపు కోసం కోసిన రంధ్రం అంచుతో సహా, మూయించు. ఆ రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు, నీళ్లు ముందు పట్టేది దానికే. కింది కబోర్డులు నేలకు ఆనకూడదు, కాళ్ల మీద నిలబెట్టించు. మీ అత్తగారు రోజూ నీళ్లు పోసి గచ్చు కడిగే మనిషి, ఆవిడను మార్చడం కంటే కబోర్డును ఎత్తులో పెట్టడం తేలిక.

ఇప్పుడు షేడ్ల మాట. గ్లాసీ అయితే వేలిముద్రలూ గీతలూ ఇట్టే కనబడతాయి. లోతైన గీతలున్న టెక్స్‌చర్ అయితే నూనె జిడ్డు ఆ గీతల్లో దిగి వదలదు. వంటింటికి నున్నటి మ్యాట్ మేలు. తెల్లటి షేడ్ నచ్చిందన్నావు. పసుపు మరక పడితే వెంటనే తుడవగలవా అని ఒక్కసారి ఆలోచించుకుని తీసుకో. కేటలాగులో అరచేయంత ముక్క చూసి తేల్చేయకు, షాపులో 8×4 అడుగుల పూర్తి షీటును నిలబెట్టించి చూడు. కావలసినవన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌లో కొను, తర్వాత కొన్నది రంగులో కొద్దిగా తేడా వస్తుంది. చెక్క గీతల డిజైనైతే గీతలన్నీ నిలువుగా ఒకే వైపు రావాలని ముందే చెప్పు. షీటు కలిసొస్తుందని ఒక డ్రాయర్‌కు అడ్డంగా కోసేస్తే కన్ను రోజూ అక్కడికే పోతుంది. షీటు కోడ్ నంబరు ఒక తలుపు లోపల రాసిపెట్టు, మిగిలిన ముక్కలు అటక మీద దాచు.

మీ అమ్మ తన పాత వంటింటి తలుపులకు స్టిక్కర్ ఫిల్మ్ అంటించుకోవచ్చా అని అడిగింది. చెక్క గట్టిగా ఉంటే నిక్షేపంగా అంటించుకోమను. ముందు పిడులు విప్పేసి, గిన్నెల సబ్బునీళ్లతో జిడ్డంతా పోగొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. వెనక కాగితం కొంచెం కొంచెంగా లాగుతూ, పైనుంచి కిందికి ప్లాస్టిక్ కార్డుతో నొక్కుకుంటూ రావాలి. మూలల దగ్గర హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపితే చక్కగా మడత పడుతుంది. స్టవ్ పక్క తలుపులు వదిలేయమను. చెక్క ఇప్పటికే ఉబ్బి ఉంటే ఫిల్మ్‌కు డబ్బు పెట్టడం దండగ, ఆ తలుపు మార్చుకోవడమే.

తుడవడానికి తడిగుడ్డ, నాలుగు చుక్కల సబ్బు చాలు. స్టీలు పీచూ, బాత్రూమ్ యాసిడూ దగ్గరికి రానివ్వకు.

అడ్వాన్సు ఇచ్చే ముందు వాళ్ల కొటేషన్ నాకు పంపు. ప్లై రకం, షీటు మందం, ఎడ్జ్ బ్యాండ్, లోపలి లైనర్, ఈ నాలుగూ అందులో రాసి ఉన్నాయో లేదో చూసి ఫోన్ చేస్తాను. అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య