సముద్రం కుడిచేతి వైపు ఉండాలి: ఫ్రాన్స్ తీరం వెంట కారు ప్రయాణం గురించి పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఫ్రాన్స్ సముద్రతీరం గురించినవే కావడంతో వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నేనూ నా చిన్ననాటి స్నేహితురాలూ వచ్చే జూన్‌లో పది రోజుల సెలవు మీద ఫ్రాన్స్ వెళ్లాలనుకుంటున్నాం. పారిస్‌లో కారు అద్దెకు తీసుకుని, ఉత్తరాన ఉన్న నార్మండీలో మొదలుపెట్టి తీరం వెంట దక్షిణాన మధ్యధరా ఒడ్డునున్న నీస్ దాకా వెళ్లాలని తన పట్టుదల. అంత దూరం తిరగడం కన్నా నాలుగు ఊళ్లు నిదానంగా చూస్తే చాలని నా కోరిక. కారు ఇద్దరికీ వచ్చు గాని, తను స్టీరింగు ఒక పట్టాన వదలదు. ఖర్చుల లెక్క దగ్గరా మాకు పొసగడం లేదు. ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: పది రోజుల్లో నార్మండీ నుంచి నీస్ చేరుకోవచ్చు గాని తీరం వెంట చేరుకోలేరని మీ స్నేహితురాలికి మా మాటగా చెప్పండి. ఫ్రాన్స్‌కు ఉత్తరాన ఇంగ్లిష్ ఛానల్, పడమట అట్లాంటిక్, దక్షిణాన మధ్యధరా సముద్రం ఉన్నాయి. అట్లాంటిక్ తీరం స్పెయిన్ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి మధ్యధరా తీరాన్ని అందుకోవాలంటే పిరనీస్ పర్వతాలకు ఉత్తరంగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సముద్రం జాడే లేని దారిలో పోవాలి. పటంలో నీలాన్ని ఒరుసుకుంటూ పోతున్నట్టు కనిపించే గీత కూడా నిజానికి ఒకే రోడ్డు కాదు. నది సముద్రంలో కలిసే ప్రతిచోటా అది లోపలికి మళ్లి, వంతెన ఉన్న ఊరికి పోయి, మళ్లీ తీరానికి తిరిగివస్తుంది. ఆ తిప్పలెందుకని టోల్ కట్టి ఆటోరూట్ (వేగంగా పోయే పెద్ద రహదారి) ఎక్కితే రోజంతా కనిపించేది పొలాలూ లారీలే.

కాబట్టి మూడింటిలో ఒక సముద్రాన్ని ఎంచుకోండి. జూన్ అంటున్నారు గనుక మా ఓటు ఉత్తరానికే. ఆ నెలలో నార్మండీని ఆనుకుని పడమటగా ఉన్న బ్రెటనీ ప్రాంతపు పడమటి కొసన రాత్రి పది దాటితే గాని పొద్దు గుంకదు. పారిస్ నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్లు వెళితే ఎట్రెటా వస్తుంది. అక్కడ తెల్లటి సుద్దరాతి కొండ అంచును సముద్రం తొలిచి కమానులుగా మార్చింది. బీచిలో ఇసుక ఉండదు, అన్నీ గుండ్రటి గులకరాళ్లే. నచ్చింది కదా అని ఒక్క రాయి కూడా సంచిలో వేసుకోకండి. తుఫాను అలల నుంచి ఊరిని కాపాడేది ఆ రాళ్ల మేటే కావడం వల్ల వాటిని తీసుకుపోవడాన్ని నిషేధించారు.

అక్కడి నుంచి సెన్ నది ముఖద్వారం మీద 1995లో తెరిచిన నార్మండీ వంతెన మీదుగా ఓన్‌ఫ్లర్ చేరుకోండి. ఇనుప తీగలు మోసే ఆ వంతెనలో రెండు ప్రధాన స్తంభాల మధ్య దూరం 856 మీటర్లు. ఓన్‌ఫ్లర్ రేవులో పాతకాలపు పడవల వడ్రంగులు కట్టిన చెక్క చర్చి ఒకటుంది. లోపల నిలబడి తలెత్తి చూస్తే పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. తరువాత వచ్చేవి రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న మిత్రసైన్యాలు దిగిన తీరాలు. అరోమాంష్ దగ్గర ఆటు సమయంలో ఇసుక మీదికి నడిచి వెళితే, ఆనాడు సముద్రంలో కట్టిన కృత్రిమ రేవు తాలూకు కాంక్రీటు దిమ్మెలను చేతితో తాకవచ్చు. కొలెవిల్ దగ్గరి అమెరికన్ సైనిక శ్మశానవాటికలో తొమ్మిది వేలకు పైగా తెల్లరాతి సమాధి చిహ్నాలు సముద్రానికి ఎగువన బారులు తీరి ఉంటాయి. జూన్ 6కు అటూ ఇటూ వారం రోజులు ఆ ప్రాంతంలో గది దొరకడం కష్టం కాబట్టి మీ తేదీలు అందులో పడకుండా చూసుకోండి.

ఆ పైన అఖాతం మధ్య కొండ మీద పాత మఠం ఉన్న మోన్ సాన్ మిషెల్. కొండ దాకా కారు వెళ్లదు. సుమారు రెండున్నర కిలోమీటర్ల ఇవతల నిలిపి, ఉచిత బస్సులోనో కాలినడకనో 2014లో వచ్చిన వంతెన మీదుగా చేరుకోవాలి. నడిచి వెళ్లమనే మా సలహా, కొండ అంచెలంచెలుగా పెరుగుతూ కనిపించేది ఆ నడకలోనే. ఆ అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో ఆటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. అడుసులో కాళ్లు దిగబడిపోయే చోట్లు కూడా ఉంటాయి కాబట్టి గైడు లేకుండా ఇసుక మేటల మీదికి దిగకూడదు. అక్కడి నుంచి సాన్ మాలో, కాప్ ఫ్రెయెల్, గులాబీ రంగు గ్రానైటు బండల ప్లుమనాక్ చూసుకుని, బ్రెస్ట్‌లోనో రెన్‌లోనో కారు అప్పగించి రైల్లో పారిస్ వచ్చేయండి. ఒక ఊళ్లో తీసుకున్న కారును మరో ఊళ్లో అప్పగిస్తే సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది; అది ఎంతో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి.

ఇక స్టీరింగు సంగతి. ఫ్రాన్స్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఛానల్ వెంట తూర్పు నుంచి పడమటికి, అట్లాంటిక్ వెంట ఉత్తరం నుంచి దక్షిణానికి, మధ్యధరా వెంట పడమటి నుంచి తూర్పుకు పోతే సముద్రం ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉంటుంది. కొండ అంచున కారు ఆపుకోవడానికి వదిలిన జాగాలూ మీ వైపే వస్తాయి, ఎదురుగా వచ్చే బండ్లను అడ్డంగా దాటే పని తప్పుతుంది. అయితే డ్రైవరు కూర్చునేది ఎడమ సీటులో. సముద్రం దక్కేది కుడి సీటులో ఉన్న మనిషికి. మీ స్నేహితురాలు పది రోజులూ తానే నడుపుతానంటే పది రోజుల సముద్రాన్నీ మీకు రాసిచ్చినట్టే. ఈ సంగతి ఒకసారి చెప్పి చూడండి, రెండో రోజుకల్లా తాళంచెవి మీ చేతికి రావచ్చు. రోజుకు నూటయాభై కిలోమీటర్లు మించకూడదనీ, ప్రతి మజిలీలో రెండు రాత్రులు ఉండాలనీ ముందే ఒప్పందం చేసుకుంటే వేగం గురించిన తగవు చాలావరకు తీరుతుంది.

డబ్బు విషయంలో మేము చూసినంతలో సుఖమైన పద్ధతి ఉమ్మడి సంచీ. కారు అద్దె, ఇంధనం, టోల్, పార్కింగ్, గది అద్దె అందులోంచి. తిండి, కొనుగోళ్లు ఎవరివి వాళ్లవి. చాలామంది మరిచిపోయేది డిపాజిట్. దాన్ని ప్రధాన డ్రైవరు క్రెడిట్ కార్డు మీద నిలిపి ఉంచుతారు కాబట్టి కారు మీద గీత పడితే డబ్బు పోయేది ఆ ఒక్కరి ఖాతాలోంచే. అలాంటిది జరిగితే చెరిసగం అని బయలుదేరకముందే అనుకోండి. వేగం మీరినందుకు పడే జరిమానా మాత్రం, ఆ సమయంలో ఎవరు నడుపుతుంటే వారిదే కావాలని మా అభిప్రాయం.

మీ స్నేహితురాలికి మధ్యధరా మీద మరీ మనసుంటే ఉత్తరాన్ని పూర్తిగా వదిలేయండి. పారిస్ నుంచి మధ్యధరా తీరంలోని మార్సెయ్‌కు టీజీవీ అనే అతివేగ రైలు మూడు గంటల పైచిలుకులో చేరుస్తుంది. కారు అక్కడ తీసుకోండి. కాసీ నుంచి లా సియోటా వరకు కొండ శిఖరాల మీదుగా సాగే రోడ్డు 394 మీటర్ల ఎత్తున్న కాప్ కనాయ్ మీదుగా పోతుంది. గాలి ఉద్ధృతంగా ఉన్నా, అడవికి నిప్పంటుకునే ప్రమాదం ఉన్నా దాన్ని మూసేస్తారు. సాన్ రఫాయెల్ దాటాక ఎస్తెరెల్ ఎర్రరాళ్ల పక్కన సాగే దారి 1903లో తెరిచినది. నీస్ నుంచి మాంతోన్ దాకా ఒకదానిపై ఒకటిగా మూడు కొండదారులున్నాయి. ఎజ్ గ్రామం మధ్యదారి మీద ఉంది. జూలై, ఆగస్టు శనివారాల్లో మాత్రం ఆ వైపు వెళ్లకండి. ప్రభుత్వ సంస్థ బీజోన్ ఫ్యుతే రోజుల వారీగా రద్దీని ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ముందే ప్రకటిస్తుంది. నలుపు చూపిన రోజున హోటల్లోనే ఉండిపోవడం మేలు.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగిపోయే రోడ్డు ఉందని, దాని మీద కారులో వెళదామని నా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? ప్రమాదం కాదా?

జవాబు: నిజమే. అట్లాంటిక్ తీరంలో ప్రధాన భూభాగం నుంచి న్వార్ముతియె దీవికి వెళ్లే పసాజ్ దు గ్వా అది. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది. ఆటు సమయానికి గంటన్నర ముందు నుంచి గంటన్నర తరువాత వరకే దాటాలి. ఆ వేళలు రోడ్డుకు రెండు కొసల్లోనూ బోర్డుల మీద ఉంటాయి. నీళ్లు చుట్టుముడితే ఎక్కి కూర్చోవడానికి దారి పొడవునా నిచ్చెనలతో ఎత్తయిన కొయ్య మంచెలు నిలబెట్టారు. వాటి అవసరం ఇప్పటికీ పడుతూనే ఉంది. మనుషులు మంచె మీద క్షేమంగా ఉంటారు గాని కారు ఉప్పునీళ్ల పాలవుతుంది. రాళ్లు పాచిపట్టి జారుతుంటాయి. 1999లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం ఈ దారిన సాగినప్పుడు ఆటగాళ్లు గుంపుగా పడిపోయారు. నీళ్లు తీసిన వెంటనే వెళ్లి, పక్కన జనం బురదలో ఆల్చిప్పలు ఏరుకోవడం కాసేపు చూసి, దీవి చేరుకోండి. తిరుగు ప్రయాణానికి 1971 నుంచి వంతెన ఉంది. అద్దె కారైతే ఈ దారి బీమాలో చేరుతుందో లేదో ఒప్పంద పత్రంలో చూసుకోండి.

ప్రశ్న: పారిస్‌లో చదువుకుంటున్న స్నేహితుడి దగ్గరికి సందర్శకుడిగా వెళుతున్నాను. భారతీయ లైసెన్సుతో నార్మండీ దాకా కారు నడపవచ్చా? ఏ నియమాలు గుర్తుంచుకోవాలి?

జవాబు: నడపవచ్చు. అసలు లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకువెళ్లండి. దాన్ని స్వదేశంలో రవాణా శాఖే ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది, ఫ్రాన్స్ చేరాక అక్కడ తీసుకునే వీలు లేదు. మీ స్నేహితుడు కూడా నడిపేటట్టయితే అతని పేరును రెండో డ్రైవరుగా ఒప్పందంలో రాయించాలి, లేకపోతే బీమా వర్తించదు. వయసు ఇరవై అయిదు లోపైతే అద్దె సంస్థలు సాధారణంగా అదనంగా వసూలు చేస్తాయి.

ఆటోరూట్ మీద గంటకు 130 కిలోమీటర్లు, వాన పడుతుంటే 110. మధ్యలో విభజన లేని మామూలు రోడ్ల మీద చాలావరకు 80, ఊళ్లలో 50, చాలా వీధుల్లో 30. రౌండెబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలి. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండిది ముందు హక్కు. చిన్న సందులోంచి వచ్చినా సరే, ఆగవలసింది మీరే. పారిస్ నుంచి నార్మండీ వెళ్లే ఏ13 ఆటోరూట్ మీద 2024 చివరి నుంచి టోల్ గేట్లు లేవు. కెమెరాలు నంబరు ప్లేటును ఫొటో తీస్తాయి, మీరే 72 గంటల లోపు ఇంటర్నెట్‌లో చెల్లించాలి. ఈ సంగతి తెలియక గేటు కోసం చూస్తూ పోయినవారికి తరువాత అద్దె సంస్థ నుంచి జరిమానాతో పాటు సేవా రుసుము బిల్లు కూడా వస్తుంది. బ్రెటనీలో మాత్రం పెద్ద రోడ్ల మీదా టోల్ లేదు.

పెట్రోలు బంకులో గజోల్ అని రాసి ఉంటే అది డీజిల్. దాని గుర్తు చదరంలో బీ7, పెట్రోలు గుర్తు వృత్తంలో ఈ5 లేదా ఈ10. ట్యాంకు మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుంది, రెండూ కలిశాకే నాజిల్ పెట్టండి. ఇంకొక చిన్న సంగతి: మన కార్లు చాలావాటిలో ఇండికేటరు మీట కుడిచేతి వైపు ఉంటే, అక్కడ ఎడమచేతి వైపు ఉంటుంది. మొదటి రోజు ప్రతి మలుపులోనూ ఇండికేటరుకు బదులు వైపర్లు ఊగడం మామూలే. మాన్యువల్ కారైతే గేరు కుడిచేతికి వస్తుంది. అలవాటు లేదనుకుంటే కొంత ఎక్కువ పెట్టి ఆటోమేటిక్ తీసుకోండి, అవి తక్కువగా ఉంటాయి కాబట్టి ముందే అడగండి.

ప్రశ్న: మా ఇద్దరిలో నేను శాకాహారిని, నా మిత్రుడు చేపలు తప్ప మాట్లాడడు. ఆ తీరాల్లో నేను ఏం తినాలి?

జవాబు: బ్రెటనీలో మీకు బెంగ లేదు. అక్కడి గాలెట్ బక్‌వీట్ పిండితో పోసే పలుచటి అట్టు. జున్ను, పుట్టగొడుగులు, ఉల్లి వేసి మడిచి ఇస్తారు. ‘కంప్లెట్’ అని ఉన్నది మాత్రం తీసుకోకండి, అందులో పంది మాంసం, గుడ్డు ఉంటాయి. నీస్‌లో సొక్కా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పొయ్యిలో కాల్చి, మిరియాల పొడి చల్లి వేడివేడిగా చేతికిస్తారు. అదే వీధిలో ఉల్లిపాయలతో నోరూరించే పిస్సలదియేర్ కనిపిస్తుంది గాని దాని మీద ఆంకోవీ చేపలుంటాయి. చిన్న ఊళ్లలో వంటగదులు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా, మళ్లీ రాత్రి ఏడు తరువాతే పనిచేస్తాయి. మూడు గంటలకు ఆకలేస్తే బేకరీయే గతి, అదీ వారంలో ఒక రోజు మూసి ఉంటుంది. కారులో రొట్టె, జున్ను, పళ్లు ఎప్పుడూ ఉంచుకోండి, ఆదివారం మధ్యాహ్నం చాలా దుకాణాలు తెరవరు కాబట్టి శనివారమే కొనుక్కోండి.