బొమ్మ గీయడం రాకపోతే ప్లానింగ్ చదవకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి అర్బన్ అండ్ రీజనల్ ప్లానింగ్ చదువుతానంటోంది. మ్యాపులంటే పిచ్చి గానీ బొమ్మ గీయడం అస్సలు రాదు. ఇదీ ఆర్కిటెక్చర్ లాంటిదే కదా, నెగ్గుకురాగలదా అని మాకు టెన్షన్‌గా ఉంది. చేర్పించమంటారా?

జవాబు: బొమ్మ సంగతి వదిలేయండి. ఇల్లు ఎలా ఉండాలో ఆర్కిటెక్ట్ చూసుకుంటారు. ఆ ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పుండాలి, వాననీళ్లు ఎటు పోవాలి, పక్కన ఫ్యాక్టరీ పెట్టనివ్వొచ్చా అన్నవి ప్లానర్ తేల్చాలి. అందుకు కావలసింది లెక్కలు, మ్యాపులు, కాస్త చట్టం, కాస్త ఎకనామిక్స్. గీతలు గీయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది.

మ్యాపుల పిచ్చి మాత్రం బాగా పనికొస్తుంది. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చింది. అది నీళ్ల వల్లే వస్తోందని జాన్ స్నో అనే డాక్టరుకు అనుమానం. చనిపోయినవాళ్ల ఇళ్లను మ్యాపు మీద గుర్తు పెడితే, ఎక్కువ గుర్తులు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూనే పడ్డాయి. అప్పటికి ప్లానింగ్ అనే చదువే లేదు. లివర్‌పూల్ యూనివర్సిటీలో ఆ విభాగం మొదలైంది 1909లో. కంప్యూటర్లో మ్యాపు మీద సమాచారం గుర్తుపెట్టి విశ్లేషించే జీఐఎస్ ల్యాబులో మీ అమ్మాయి నేర్చుకునేది దాదాపు స్నో చేసిన పనే.

పేరులోని 'రీజనల్' అన్న మాటను చాలామంది పట్టించుకోరు. నది ఊరి పొలిమేర దగ్గర ఆగదు కదా. అమెరికాలో 1933లో టెనెసీ వ్యాలీ అథారిటీ పెట్టింది అందుకే: ఏడు రాష్ట్రాల్లో విస్తరించిన నదీ లోయలో వరదలు, కరెంటు, పడవల రాకపోకలు అన్నీ కలిపి చూడటానికి.

అసలు కష్టం మనుషులతో. సియోల్‌లో చోంగ్గేచోన్ వాగును కప్పేసి, పైన ఎలివేటెడ్ రోడ్డు వేశారు. దాన్ని కూల్చి వాగును మళ్లీ బయటికి తీస్తామనేసరికి అక్కడి వ్యాపారులు గట్టిగా అడ్డుపడ్డారు. 2005లో వాగు తెరుచుకుంది. ఇప్పుడు ఫొటోలు చూసి అందరూ మురిసిపోతారు గానీ, అడ్డుపడ్డవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటమూ ప్లానింగే. కోర్సులో స్టూడియో అనే సబ్జెక్టు పెట్టేది ఇందుకే. ఒక ప్రాంతాన్ని ఇచ్చి, నెలల తరబడి తిరిగి, సర్వే చేసి, ప్లాన్ వేసి, నలుగురి ముందు సమర్థించుకోమంటారు. నన్నడిగితే డిగ్రీ మొత్తంలో అసలైన చదువు అదే.

ఓపిక కూడా కావాలి. కోపెన్‌హాగన్ చేతివేళ్లలా రైలు మార్గాల వెంట పెరగాలని, వేళ్ల మధ్య పచ్చదనం ఉండాలని ప్లాన్ వేసింది 1947లో. ఆ ఆకారం ఇప్పటికీ కనిపిస్తుంది. వేసిన ప్లాన్ ఏడాదిలో కళ్లముందు నిలబడాలనుకునేవాళ్లకు ఈ పని విసుగు పుట్టిస్తుంది.

ఉద్యోగాలు ప్రభుత్వ ప్రణాళికా విభాగాల్లో, రవాణా సంస్థల్లో, కన్సల్టెన్సీల్లో ఉంటాయి. చేరే ముందు రెండు విషయాలు కనుక్కోండి: ఆ కోర్సుకు వృత్తి సంస్థ గుర్తింపు ఉందా, ఇంటర్న్‌షిప్ తప్పనిసరా. ఇప్పుడే తేల్చుకోలేకపోతే జాగ్రఫీ, ఎకనామిక్స్ లేదా సివిల్ ఇంజినీరింగ్ చదివి మాస్టర్స్‌లో ఇటు రావొచ్చు. చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి.

అంతకన్నా ముందు ఒక పని చేయించండి. రద్దీగా ఉండే కూడలిలో గంటసేపు నిలబడి ఎవరు ఎక్కడ రోడ్డు దాటుతున్నారో లెక్కపెట్టమనండి. తర్వాత అక్కడి దుకాణదారుణ్ణి, ఒక డ్రైవర్ని, ఒక ముసలాయన్ని ఆ కూడలిలో ఏం మార్చాలో అడగమనండి. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటుందో, కాగితం తీసుకుని ఏదో లెక్క మొదలుపెడుతుందో చూడండి.