జట్టు విలువ కట్టే ముందు స్టేడియం ఎవరిదో అడుగు

చిరంజీవి బంగారు తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫైలు రాత్రి కూర్చుని మొత్తం చదివాను. కొత్త ఉద్యోగంలో మొదటి పెద్ద పనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల విలువ కట్టడం అయినందుకు చాలా సంతోషంగా ఉంది. కాకపోతే మొదటి పేజీలోనే గెలుపోటముల పట్టిక, స్టార్ ఆటగాళ్ల జాబితా పెట్టావు. వాటిని తీసి చివరి పేజీలో పెట్టమ్మా. నేనూ అక్కడే మొదలుపెట్టి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఈ పనిలో చేరిన కొత్తలో, టైటిల్ గెలిచిన ఊపులో ఉన్న ఒక జట్టుకు నేను విలువ కట్టాను. మా మేనేజర్ కాగితం చూసి ఒక్కటే అడిగారు, "స్టేడియం ఎవరిది?" అని. నాకు తెలియదు. లీజు తెప్పించి చదివితే పార్కింగ్ డబ్బు, స్టేడియానికి తమ పేరు పెట్టుకునేందుకు కంపెనీలిచ్చే పేరు హక్కుల డబ్బు చాలావరకు జట్టు చేతికే రావని తేలింది. రాత్రికి రాత్రి నా అంకెలన్నీ మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి లీజు చదవకుండా కాలిక్యులేటర్ ముట్టుకోలేదు.

ముందు గ్రీన్ బే ప్యాకర్స్ లెక్కలు తీసుకో. 1923 నుంచి ఆ జట్టు ప్రజల వాటాలతో నడుస్తోంది, ఏటా లెక్కలు బయటపెట్టే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు అదొక్కటే. 2024 మార్చితో ముగిసిన ఏడాదికి లీగ్ నుంచి దానికి వచ్చిన వాటా 40 కోట్ల 23 లక్షల డాలర్లు. సొంతంగా సంపాదించుకున్నది సుమారు 25 కోట్ల డాలర్లు. ఈ రెండు వరుసల మధ్య గీత గీసి రోజూ చూసుకో. పై వరుసలో ఎక్కువ భాగం టీవీ డబ్బే, అది 32 జట్లకూ సమానంగా వెళ్తుంది. జట్లన్నీ కలిసి ప్రసార హక్కులు అమ్ముకోవడానికి 1961లో అమెరికాలో చట్టమే చేశారు. 2021లో కుదిరిన ఒప్పందాలైతే 11 ఏళ్లకు దాదాపు 11,000 కోట్ల డాలర్లు. ఏడాదంతా ఓడిపోయిన జట్టుకూ అందులో అదే వాటా. ఆటగాళ్ల జీతాలకేమో సాలరీ క్యాప్ అనే గరిష్ఠ పరిమితి ఉంది, 2024లో ఒక్కో జట్టుకు 25 కోట్ల 54 లక్షల డాలర్లు. అంటే వచ్చేదాంట్లో పెద్ద వాటా సమానం, పెద్ద ఖర్చుకేమో హద్దు. ఎంత చిన్న ఊరి జట్టైనా ఇందుకే నష్టపోకుండా నిలబడుతుంది.

మరి తేడా ఎక్కడొస్తుంది? రెండో వరుసలో. మామూలు టికెట్ల డబ్బులో కూడా ఒక వాటా ఆడటానికి వచ్చే బయటి జట్ల కోసం లీగ్‌కు వెళ్తుంది. లగ్జరీ సూట్లు, అంటే ధనికులు, కంపెనీలు అద్దెకు తీసుకుని ఆట చూసే గదుల మీద వచ్చే అదనపు డబ్బు, స్థానిక స్పాన్సర్లు, స్టేడియం పేరు, పార్కింగ్, ఆట లేని రోజుల్లో జరిగే కచేరీలు మాత్రం ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు.

డల్లాస్ కౌబాయ్స్‌ని చూడు. 1989లో జెర్రీ జోన్స్ ఆ జట్టును సుమారు 14 కోట్ల డాలర్లకు కొన్నారు. 2024లో ఫోర్బ్స్ పత్రిక దానికి కట్టిన విలువ 1,010 కోట్లు. వాళ్లు చివరిసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది 1995 సీజన్‌లో! 2019 నుంచి 2024 వరకు ఆరు సీజన్లలో అయిదుసార్లు సూపర్ బౌల్ ఆడి మూడు గెలిచిన కాన్సాస్ సిటీ చీఫ్స్ విలువ దానికి చాలా కింద ఉంది. జోన్స్ ముందు నుంచీ స్టేడియాన్నే నమ్ముకున్నారు. 1995లో లీగ్ స్పాన్సర్లను కాదని సొంతంగా పెప్సీ, నైకీలతో ఒప్పందాలు చేసుకుంటే లీగ్ కోర్టుకెక్కింది, చివరికి రాజీ పడింది. జట్టు సరుకుల అమ్మకం కూడా వాళ్లు సొంతంగానే చూసుకుంటారు.

ఆర్లింగ్టన్‌లో 2009లో తెరిచిన వాళ్ల స్టేడియానికి ఆట లేని రోజున నేనొకసారి వెళ్లాను. లోపల చూడటానికే టికెట్టు. మైదానం ఖాళీ, అయినా లాకర్ గది ముందు క్యూ ఉంది. ఒక తండ్రి కొడుకుని ఎత్తుకుని ఆటగాడి పేరున్న పలకను ముట్టుకోనిస్తున్నాడు. బయటికొచ్చే దారి నేరుగా జెర్సీల షాపులోకి. పిల్లాడు జెర్సీతోనే బయటికొచ్చాడు. ఆ రోజు అక్కడ బంతి కదల్లేదు, డబ్బు మాత్రం కదిలింది. వీలు చూసుకుని నువ్వు కూడా ఒక్కసారి వెళ్లి చూడు. ఎక్సెల్ షీటులో ఇది కనబడదు.

ఊరి మాట కూడా అంతే ముఖ్యం. 2016 జనవరిలో రామ్స్ జట్టు సెయింట్ లూయిస్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లడానికి అనుమతి వచ్చింది. ఏడాది తిరగకుండానే ఫోర్బ్స్ లెక్కలో దాని విలువ 145 కోట్ల నుంచి 290 కోట్లకు ఎగిరింది. ఆ సీజన్‌లో వాళ్లు 4 గెలిచి 12 ఓడారు, అక్కడ వాళ్ల కొత్త సోఫై స్టేడియం తెరిచింది 2020లో. అంటే ఆ రెట్టింపు ఆటది కాదు, పెద్ద ఊరిదీ రాబోయే స్టేడియందీ. ఇంకో సంగతి కూడా రాసుకో. వదిలి వెళ్లినందుకు సెయింట్ లూయిస్ వేసిన దావా 79 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఊరు మారే జట్టుకు విలువ కడితే ఈ ఖర్చు మర్చిపోవద్దు.

నీ ఫార్ములాలో ఒక లోపం ఉంది. లాభాన్ని పట్టుకుని ధర కట్టావు. ఈ వ్యాపారంలో కొనేవాళ్లు ఆదాయం మీద ఇన్ని రెట్లు అని చూస్తారు. ఎందుకంటే ఉన్నవి 32 జట్లే, అమ్మకానికి వచ్చేది ఎప్పుడో ఒకటి. వాషింగ్టన్ జట్టు 2005 సీజన్ తర్వాత అమ్మకం నాటికి ఒక్క ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ కూడా గెలవలేదు, స్టేడియం పాతబడిపోయింది, అయినా 2023లో 605 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. రాజధాని నగరం, పాత అభిమానులు, కొత్త స్టేడియం కట్టుకునే అవకాశం చూసి ఇచ్చిన ధర అది. అందుకే ఫోర్బ్స్ అంకెలను అంచనాలుగానే తీసుకో, నిజంగా జరిగిన అమ్మకాలతో సరిచూసుకో.

ఆటగాళ్ల పేజీ పూర్తిగా తీసేయమని అనడం లేదు. మంచి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడు, ఉంటే సూట్ల లీజులు పొడిగించుకోవడం తేలికవుతుంది, స్పాన్సర్లు ముందుకొస్తారు. కానీ అది రెండో వరుస మీద పడే ప్రభావం, కాబట్టి అక్కడే చూపించు.

నీకిచ్చిన రెండు జట్ల స్టేడియం లీజులూ ఈ వారంలో సంపాదించు. పార్కింగ్, సూట్లు, పేరు హక్కులు, మరమ్మతుల ఖర్చు ఎవరిది అన్న పేజీలు ఫొటో తీసి నాకు పంపు. ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి చదువుదాం.

నీ పెదనాన్న