టెక్ సందేహాలు: పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌లో మన రాతలు ఎక్కడికి పోతాయి?

2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసినప్పటి నుంచి పాత కంప్యూటర్లను మూలన పడేయకుండా వాడుకొనే దారి చెప్పమంటూ ఉత్తరాలు ఎక్కువయ్యాయి. పెన్‌డ్రైవ్ నుంచో, నెట్‌వర్క్ నుంచో నడిచే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఎక్కువగా విండోస్‌కు బదులు వాడుకొనే లినక్స్ రకాల) గురించి వచ్చిన కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు చూద్దాం.

ప్రశ్న: మా ఇంట్లో 2009లో కొన్న చిన్న నెట్‌బుక్ ఉంది. ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. హార్డ్ డిస్కు ఎప్పుడో పోయింది. మా మనవడు పెన్‌డ్రైవ్‌లో పప్పీ లినక్స్ వేసి, తెలుగు ఫాంటు కూడా పెట్టి ఇచ్చాడు. రెండు గంటలు కూర్చుని నాలుగు పేజీల వ్యాసం టైపు చేసి, సేవ్ చేసి, కంప్యూటర్ ఆపేశాను. మర్నాడు చూస్తే వ్యాసమూ లేదు, ఫాంటూ లేదు. పెన్‌డ్రైవ్ చెడిపోయినట్టేనా? (తెనాలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: పెన్‌డ్రైవ్‌కు ఏమీ కాలేదు మాస్టారూ. మీరు సేవ్ చేసిన మాటా నిజమే, వ్యాసం పోయిన మాటా నిజమే. పప్పీ పనిచేసే తీరు తెలిస్తే ఈ రెండూ ఎలా పొసిగాయో అర్థమవుతుంది.

పప్పీలో ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం బాగా కుదించిన ఒకే ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది. దాన్ని చదవవచ్చు గాని మార్చడానికి వీలుండదు. కంప్యూటర్ మొదలవగానే ఆ ఫైలు ర్యామ్‌లోకి, అంటే కంప్యూటర్ నడిచినంతసేపే సమాచారం నిలిచే మెమరీలోకి, వచ్చి కూర్చుంటుంది కాబట్టే మీ పాత నెట్‌బుక్ అంత చురుగ్గా కదిలింది. మరి మీరు ఫాంటు చేర్చినా, వ్యాసం రాసినా ఆ మార్పులు పడడానికి వేరే చోటు కావాలి. అచ్చయిన పుస్తకం మీద ట్రేసింగ్ కాగితం పరిచి దిద్దుబాట్లు రాసినట్టు, సిస్టమ్ ఫైలు మీద పలుచని పొర ఒకటి వేసి, మార్పులన్నిటినీ ఆ పొర మీదే రాస్తారు. పైనుంచి చూసేవారికి రెండూ కలిసి ఒకే పుటలా కనిపిస్తాయి. మొదటిసారి నడిపినప్పుడు ఆ పొర కూడా ర్యామ్‌లోనే ఉంటుంది. కరెంటు తీస్తే ర్యామ్ ఖాళీ అవుతుంది కాబట్టి మీ వ్యాసమూ దానితోపాటే పోయింది.

మొదటిసారి ఆపేటప్పుడు తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న కనిపించి ఉండాలి. ఈ మార్పులను దాచడానికి సేవ్ ఫైలు తయారు చేయమంటారా అన్నదే దాని సారాంశం. బహుశా మీరు వద్దన్నారు, లేదా ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండానే మూత వేసేశారు. ఈసారి సేవ్ చేయమని చెప్పి, దాచే చోటుగా పెన్‌డ్రైవ్‌నే ఎంచుకొని, పరిమాణం 512 ఎంబీ ఇవ్వండి. మీ అవసరానికి అది చాలు. మరుసటిసారి బూట్ అయినప్పుడు, అంటే కంప్యూటర్ మొదలైనప్పుడు, పప్పీ ఆ ఫైలును తనంతట తానే వెతికి పట్టుకుంటుంది. మనవడు పెట్టిన ఫాంటు, కీబోర్డు అమరిక, తెర రంగు అన్నీ అందులో పదిలంగా ఉంటాయి.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడు పప్పీ ప్రతి మార్పునూ వెంటనే పెన్‌డ్రైవ్ మీద రాయదు. ర్యామ్‌లో పోగుచేసుకొని, మామూలుగా అరగంటకొకసారి సేవ్ ఫైలులోకి దింపుతుంది. డెస్క్‌టాప్ మీద ఉన్న సేవ్ గుర్తును మీరు నొక్కితే అప్పటికప్పుడు దింపుతుంది. పదిహేనేళ్లు దాటిన నెట్‌బుక్ బ్యాటరీ ఎలా ఉంటుందో ఊహించగలను. నేరుగా కరెంటు మీద నడుపుతూ ఉంటారు, ఇరవై తొమ్మిదో నిమిషంలో కరెంటు పోతుంది. అందుకే వ్యాసాలను సేవ్ ఫైలుకు కూడా అప్పగించకండి. డెస్క్‌టాప్ అడుగున డ్రైవుల గుర్తులు వరసగా కనిపిస్తాయి. వాటిలో మీ పెన్‌డ్రైవ్‌ను తెరిచి, ‘వ్యాసాలు’ అని ఒక ఫోల్డర్ చేసుకొని, రాసినది నేరుగా అందులో సేవ్ చేయండి. రేపు పప్పీ మొరాయించినా అదే పెన్‌డ్రైవ్‌ను ఏ కంప్యూటర్‌కు తగిలించినా వ్యాసాలు కనిపిస్తాయి.

ఇలా అరగంట ఆగి రాయడం బద్ధకం కాదు, పెన్‌డ్రైవ్ మీద దయ. ఫ్లాష్ మెమరీలో ప్రతి గడీ ఇన్నిసార్లే చెరిపి రాయడానికి పనికొస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నది క్షణం ఊరుకోకుండా చిన్న చిన్న రాతలు రాస్తూనే ఉంటుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒకసారి చవకగా దొరికిన 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో మామూలు లినక్స్‌ను హార్డ్ డిస్కులో వేసినట్టే వేసి రోజూ వాడాను. కొన్ని నెలలకు అది విచిత్రంగా మారింది. ఫైలు తీసేస్తే పోయినట్టే కనిపించేది, కంప్యూటర్ మళ్లీ వేస్తే తిరిగి ప్రత్యక్షమయ్యేది. చదవడమే తప్ప రాయడం దానికి చేతకాకుండా పోయింది. పోనీ, ఉన్నదైనా కాపీ చేసుకోగలిగాను.

ఇక తెలుగు టైపింగ్. దీనికి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. లినక్స్ కీబోర్డు లేఅవుట్లలో ఇండియన్ కింద తెలుగు ఉంటుంది, అది దాదాపుగా ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వరుసే. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు గాని, మండలి గాని వేసుకోండి. ఫాంటు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

ఇంటర్నెట్ విషయంలో మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. ఆటమ్ ఎన్270 కేవలం 32 బిట్ల ప్రాసెసర్, ఇప్పటి 64 బిట్ల సాఫ్ట్‌వేర్ దాని మీద నడవదు. దాని మీద నడిచే పప్పీల్లో పేరున్న బయోనిక్‌పప్32కు ఆధారం ఉబుంటు 18.04 అనే లినక్స్. దానికి ఉచిత మద్దతు, అంటే భద్రతా లోపాల సవరణలు, 2023లోనే ముగిసింది. 32 బిట్ల లినక్స్‌కు క్రోమ్ 2016లో సెలవు చెప్పింది, ఫైర్‌ఫాక్స్ సాధారణ విడుదలలు 2025లో ఆగిపోయాయి. కాబట్టి ఈ నెట్‌బుక్‌ను రాతబల్లగా హాయిగా వాడుకోండి, బ్యాంకు లావాదేవీలకు మాత్రం ఫోను చాలు. కాస్త కొత్త పునాది కావాలనుకుంటే డెబియన్ 12 అనే లినక్స్ ఆధారంగా వచ్చిన ఆంటిఎక్స్ 23లో 32 బిట్ల కూర్పు ఉంది. డెబియన్ 13 నుంచి 32 బిట్ల పీసీల్లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకొనే వీలు తీసేశారు, అంటే ఆ దారి కూడా ఇక ఎక్కువ దూరం సాగదు.

అన్నట్టు, పప్పీని 2003లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్. పేరు ఆయన పెంపుడు కుక్కపిల్లది. అంతకు ముందే 2000లో జర్మనీలో క్లాస్ నాపర్ తన నాపిక్స్ లినక్స్‌తో ఈ కుదింపు విద్యను జనానికి పరిచయం చేశారు. సుమారు 2 జీబీ సరుకును 700 ఎంబీ సీడీలో కుక్కి చూపించారు.

ప్రశ్న: టైనీ కోర్ లినక్స్ మొత్తం 20 ఎంబీ దరిదాపుల్లోనే ఉంటుందట. అంత చిన్నది ఉండగా పప్పీ ఎందుకు? (విజయనగరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: పరిమాణం నిజమే. కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసే నల్ల తెర) మాత్రమే ఉన్న కోర్ సుమారు 17 ఎంబీ, కిటికీలూ ఐకాన్లూ ఉన్న టైనీకోర్ సుమారు 23 ఎంబీ. అయితే అందులో బ్రౌజర్ ఉండదు, తెలుగు ఫాంటు ఉండదు, వైఫై కూడా ఉండదు. కావలసినవన్నీ ఒక్కొక్కటిగా మీరే తెచ్చి చేర్చుకోవాలి. వైఫై ఒక్కటే చిక్కయితే, అది కలిపి ఇచ్చే కోర్‌ప్లస్ అన్న పెద్ద కూర్పు తీసుకోండి. ఇక్కడ కూడా మీరు మార్చినవి ర్యామ్‌లోనే ఉంటాయి. ఆపేటప్పుడు బ్యాకప్ ఎంచుకొంటేనే అవి ఒక ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి చేరతాయి. లినక్స్ లోపల ఏముందో విప్పి చూడాలన్న కుతూహలం ఉంటే దీనికి మించిన బడి లేదు. రేపు అసైన్‌మెంట్ ఇవ్వాల్సి ఉంటే మాత్రం ఇవాళ దీని జోలికి వెళ్లకండి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల ల్యాబులో 20 కంప్యూటర్లు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో 2 జీబీ ర్యామ్. సగానికి పైగా హార్డ్ డిస్కులు పోయాయి. దాతలు ఒక కొత్త కంప్యూటర్ ఇచ్చారు. ఇరవై పెన్‌డ్రైవ్‌లు కొంటే సరిపోతుందా? (నల్లగొండ జిల్లా నుంచి కంప్యూటర్ బోధించే ఉపాధ్యాయురాలు)

జవాబు: పెన్‌డ్రైవ్‌లు కొనకండి మేడమ్. బడిలో అవి మూడు నెలల్లో ఇరవై నుంచి పన్నెండుకు తగ్గుతాయి, మిగిలిన పన్నెండూ పన్నెండు రకాలుగా తయారవుతాయి. మీకు కావలసింది ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెట్‌వర్క్ మీదుగా పంచడం. దాతలిచ్చిన కొత్త కంప్యూటర్ అందుకు సరిగ్గా పనికొస్తుంది.

లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్, పొట్టిగా ఎల్‌టీఎస్‌పీ, ఇందుకోసమే 1999లో పుట్టింది. 2019లో దాన్ని దాదాపు మొదటి నుంచి తిరగరాశారు. ఆ పనికి నాయకత్వం వహించింది గ్రీస్ దేశపు పాఠశాలల ల్యాబుల అనుభవం ఉన్నవారు కావడం వల్ల బడి అవసరాలు వారికి బాగా తెలుసు. కొత్త కంప్యూటర్‌లో ‘ఉబుంటు మాటే’ వంటి లినక్స్ వేసి, పిల్లలకు కావలసిన ప్రోగ్రాములూ తెలుగు ఫాంట్లూ అన్నీ ఒక్కసారి చేర్చి, ఎల్‌టీఎస్‌పీకి చెబితే ఆ సిస్టమ్ మొత్తాన్ని కుదించి ఒక ఇమేజ్ తయారు చేస్తుంది. మిగిలిన ఇరవైలో బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి అమరికల తెరలోకి) వెళ్లి నెట్‌వర్క్ బూట్‌ను మొదటి వరసలో పెట్టాలి. ఆపైన పీసీ వేయగానే దాని నెట్‌వర్క్ కార్డు ‘నాకొక చిరునామా ఇవ్వండి, ఏ ఫైలుతో మొదలవ్వాలో చెప్పండి’ అని వైరు మీద కేక వేస్తుంది. సర్వర్ జవాబిస్తుంది. చిన్న బూట్ ప్రోగ్రాము, దాని వెంట కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దిగుతాయి. ఆ తరువాత సర్వర్‌లో ఉన్న ఇమేజ్‌నే తన సొంత డిస్కు అన్నట్టు వాడుకుంటుంది. బూట్ అయ్యాక ప్రోగ్రాములు నడిచేది మాత్రం ఆ పీసీ ప్రాసెసర్, ర్యామ్ మీదే. 2 జీబీతో బ్రౌజర్‌లో మూడు నాలుగు ట్యాబులకు మించి తెరవనివ్వకండి.

తెనాలి మాస్టారుకు చెప్పిన ట్రేసింగ్ కాగితం ఇక్కడ రెండు ముక్కలవుతుంది. పిల్లవాడు తన పేరుతో లాగిన్ అయి తన ఫోల్డర్‌లో దాచుకున్నది వైరు మీదుగా సర్వర్‌కు చేరుతుంది కాబట్టి రేపు వాడు ఏ పీసీ ముందు కూర్చున్నా అది దొరుకుతుంది. సిస్టమ్‌లో వాడు చేసిన చిలిపి మార్పులన్నీ ఆ పీసీ ర్యామ్‌లో ఉండి, ఆపగానే తుడిచిపెట్టుకుపోతాయి. ఇంటి కంప్యూటర్‌లో మాస్టారిని ఏడిపించిన గుణమే ల్యాబులో మీకు వరం.

డబ్బు పెట్టవలసింది నెట్‌వర్క్ స్విచ్ మీద, అంటే పీసీల వైర్లన్నిటినీ కలిపే పెట్టె మీద. ఉదాహరణకు ఒక్కో పీసీ మొదలవడానికి 250 ఎంబీ లాగుతుందనుకుందాం. ఇరవై పీసీలకు 5,000 ఎంబీ. స్విచ్ పాత 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) రకమైతే సర్వర్ వైరు మీద సెకనుకు మహా అయితే 12 ఎంబీ నడుస్తుంది, అంటే పిల్లలందరూ ఒకేసారి బటన్ నొక్కితే ఏడు నిమిషాలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అది చాలా ఎక్కువ. అదే గిగాబిట్ స్విచ్ అయితే సుమారు 110 ఎంబీ నడుస్తుంది, నిమిషం లోపు పని అయిపోతుంది. వైఫై మీద ఈ పద్ధతి పెట్టుకోవద్దు.

ఇంకొన్ని జాగ్రత్తలు. ఇమేజ్ 64 బిట్లదైతే ఇరవై పీసీలూ 64 బిట్లవే కావాలి, ముందే చూసుకోండి. బడిలో ఇప్పటికే రౌటర్ ఉంటే చిరునామాలు పంచే పని దానికే వదిలేయండి. బూట్ సమాచారం మాత్రం పక్కనుంచి అందించే పద్ధతి ఎల్‌టీఎస్‌పీలో ఉంది. రౌటరూ సర్వరూ రెండూ చిరునామాలు పంచడం మొదలుపెడితే ఆఫీసు గదిలోని ప్రింటర్ దాకా అన్నీ తికమకపడతాయి. ఇరవై మంది చదువూ ఒకే సర్వర్ మీద ఉంటుంది కాబట్టి దానికి ఒక యూపీఎస్, వారానికొకసారి పిల్లల ఫోల్డర్లు కాపీ చేయడానికి విడిగా ఒక హార్డ్ డిస్కు తప్పనిసరి. మీ సీటులోంచే అందరి తెరలూ చూడాలంటే ఎపాప్టిస్ అనే ప్రోగ్రాము వేసుకోండి. గ్రీకులో ఆ మాటకు అర్థం పర్యవేక్షకుడనే.

ప్రశ్న: విండోస్‌నే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని తిరగలేమా? (అనంతపురం నుంచి ఒక వ్యాపారి)

జవాబు: విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో పాటు మైక్రోసాఫ్టే ‘విండోస్ టు గో’ పేరుతో ఆ సదుపాయం ఇచ్చింది, 2020లో వచ్చిన విండోస్ 10 ‘2004’ వెర్షన్ నుంచి (ఇది వెర్షన్ సంఖ్య, ఏడాది కాదు) తీసేసింది. రూఫస్ వంటి ప్రోగ్రాములతో ఇప్పటికీ చేయవచ్చు గాని మామూలు పెన్‌డ్రైవ్ మీద నత్తనడక నడుస్తుంది. యూఎస్‌బీకి తగిలించే ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే ఫ్లాష్ డిస్కు) ఉంటేనే ప్రయత్నించండి. లెక్కల సాఫ్ట్‌వేర్ కోసమే అయితే దాని డేటాను మాత్రం పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లడం మేలు.

ప్రశ్న: వెంటాయ్‌తో (పెన్‌డ్రైవ్‌ను బూట్ అయ్యేలా చేసే ప్రోగ్రాముతో) తయారు చేసిన పెన్‌డ్రైవ్‌ను నా ల్యాప్‌టాప్‌కు పెట్టి, సెక్యూర్ బూట్ ఆపేసి లినక్స్ చూశాను. తీసేశాక విండోస్ తెరవబోతే నీలం తెర వచ్చి బిట్‌లాకర్ కీ అడుగుతోంది. లినక్స్ నా డిస్కును పాడుచేసిందా? (హైదరాబాద్ మాదాపూర్ నుంచి ఒక ఉద్యోగి)

జవాబు: లినక్స్ మీ డిస్కును ముట్టుకోలేదు. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ అనే రక్షణను ఆపడం వల్ల వచ్చిన తంటా ఇది. మీ డిస్కులోని సమాచారానికి బిట్‌లాకర్ వేసిన తాళం చెవి ల్యాప్‌టాప్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్ దగ్గర ఉంటుంది. బూట్ అయ్యే పరిస్థితులు నిన్నటిలాగే ఉన్నాయని నమ్మకం కుదిరితేనే ఆ చిప్ తాళం చెవి ఇస్తుంది. మీరు సెక్యూర్ బూట్ మార్చారు కాబట్టి దానికి అనుమానం వచ్చింది. ముందు బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్‌ను యథాప్రకారం ఆన్ చేసి చూడండి, చాలాసార్లు అంతటితో తెరుచుకుంటుంది. అప్పటికీ అడిగితే 48 అంకెల రికవరీ కీ కావాలి. సొంత ల్యాప్‌టాప్ అయితే అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతకండి, ఫోను నుంచి కూడా చూడవచ్చు. ఆఫీసుదైతే ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. వారు కీతో పాటు రెండు ప్రశ్నలు కూడా వేస్తారు, జవాబు సిద్ధం చేసుకొని వెళ్లండి.

మరోసారి ప్రయత్నించేముందు విండోస్‌లో బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేసి, రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అసలు సెక్యూర్ బూట్ ఆపకుండానే ఉబుంటు, ఫెడోరా వంటివి బూట్ అవుతాయి. వెంటాయ్ కూడా మొదటిసారి తన కీని నమోదు చేసుకోమని అడుగుతుంది, ఆ మెట్టు పూర్తి చేస్తే ఆపే పని ఉండదు. బూట్ మెనూలో ర్యామ్‌లోకి ఎక్కించే ఎంపిక ఉన్న లినక్స్‌ను తీసుకుంటే, డెస్క్‌టాప్ వచ్చాక పెన్‌డ్రైవ్‌ను తీసి జేబులో వేసుకోవచ్చు. ఆ పూట మీరు రాసుకున్నది ఏదైనా ఉంటే మాత్రం, ఆపేముందు ఆ పెన్‌డ్రైవ్‌ను మళ్లీ పెట్టి అందులోకి కాపీ చేసుకోండి.