బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా? నొప్పి లేదని వదిలేయకండి

బ్రష్ చేసినప్పుడల్లా ఉమ్ములో రక్తం కనిపిస్తోంది, నొప్పి మాత్రం లేదు, కొన్నాళ్లు ఆ వైపు బ్రష్ పెట్టకపోతే తగ్గుతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. రక్తం వచ్చే చోటే ఇంకాస్త శ్రద్ధగా, మెల్లగా బ్రష్ చేయాలి. నేనూ ఇదే సమస్యతో డెంటిస్ట్ దగ్గరకి వెళ్లాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎక్కువమందిలో దీనికి కారణం పాచి. పన్నూ చిగురూ కలిసే అంచున బ్యాక్టీరియా పొరలా పేరుకుంటుంది. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి రక్తప్రసరణ పెంచుతుంది. దాంతో చిగురు ఎర్రబడి, ఉబ్బి, మెత్తటి బ్రష్ తగిలినా రక్తం వచ్చేంత సున్నితంగా తయారవుతుంది. బ్రష్ మానేస్తే ఆ పాచి ఇంకా పెరుగుతుంది, లాలాజలంలోని ఖనిజాలు చేరి గారగా గట్టిపడుతుంది. ఒకసారి గార పట్టాక మామూలు బ్రషింగ్‌తో అది ఊడిరాదు.

నాకు గార కింది ముందు పళ్ల వెనకాల పట్టింది. లాలాజలం వచ్చే నాళాలు ఆ దగ్గర్లోనే తెరుచుకుంటాయి కాబట్టి చాలామందికి అక్కడే ఎక్కువ పడుతుంది. డాక్టరు గారు గీతలున్న సన్నటి పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించుతూ "రెండు, మూడు, మూడు, అయిదు" అని పక్కనున్నావిడతో రాయించారు. అవి మిల్లీమీటర్లు. మూడు దాకా మామూలే. అంతకు మించితే వాపు వల్లో, చిగురు పంటిని వదిలేయడం వల్లో సందు లోతయిందని అర్థం. అయిదు అన్న చోట నాకు ఒక్కరోజు కూడా నొప్పి రాలేదు. అందుకే మీరు నొప్పి లేదని రాసింది చూసి టెన్షన్ పడ్డాను. వాపు చిగురు వరకే ఉంటే పూర్తిగా తగ్గిపోతుంది. లోపలి ఎముక కరగడం మొదలైతే పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు.

డెంటిస్ట్ దగ్గర గార తీసే క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. గార పోయాక, అంతవరకూ అది నింపిన ఖాళీ బయటపడుతుంది, అంతే. నాకు కొన్నాళ్లు చల్లనివి తగిలితే పళ్లు జివ్వుమన్నాయి, తర్వాత సర్దుకుంది. ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారం) మొదలుపెట్టిన కొత్తలో కూడా రక్తం కనిపించింది. రోజూ చేస్తుంటే దానంతటదే ఆగింది. బ్రష్ మెత్తటిది తీసుకుని, చిగురు అంచు వైపు కాస్త ఏటవాలుగా పట్టుకుని, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు చేయండి. గట్టిగా రుద్దితే చిగురు పంటి మీంచి జారిపోతుంది.

పాచి ఒక్కటే కారణం కాకపోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్లు త్వరగా ఉబ్బుతాయి. షుగర్ అదుపులో లేకపోయినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా రక్తం రావచ్చు. ఆ మందులు మాత్రం సొంతంగా ఆపకండి, ప్రాణం మీదకి వస్తుంది. విటమిన్ సి లోపం వల్లా రావచ్చు గానీ, గార ఉన్న నోటికి మాత్రలు మింగితే ప్రయోజనం ఉండదు. ఇంకో ముఖ్యమైన విషయం, పొగ తాగేవాళ్లలో జబ్బు ముదిరినా రక్తం తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి రక్తం రావట్లేదని వాళ్లు ధీమాగా ఉండకూడదు.

ఇలా శుభ్రంగా చేసుకుంటున్నా ఒకటి రెండు వారాల్లో తగ్గకపోతే డెంటిస్ట్ దగ్గరకి వెళ్లండి. పన్ను కదులుతున్నా, చీము వస్తున్నా, చిగురు జారి పన్ను పొడవుగా కనిపిస్తున్నా అన్నాళ్లు కూడా ఆగొద్దు. శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోతే, ముక్కులోంచి కూడా వస్తుంటే, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలో ఎర్రటి చుక్కలో కనిపిస్తే, జ్వరం, విపరీతమైన నీరసం తోడైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, డెంగీలో, కొన్ని రక్త సంబంధ జబ్బుల్లో ఇలా జరుగుతుంది, రక్తపరీక్ష చేస్తే గానీ తెలియదు.

వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే మందుల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. కొన్ని బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు కూడా చిగుళ్లు ఉబ్బేలా చేస్తాయి. మీరు చెప్పకపోతే డాక్టరుకి తెలిసే దారి లేదు.