తేదీ కిటికీలో సగం అంకె

ప్రశ్న: క్రౌన్ (టైమ్ తిప్పే మీట) నాలుగు గంటల వైపు ఉండే డైవర్ వాచీ కేసులో సీకో ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం), కొత్త డయల్ బిగించాను. టైమ్ బాగానే చూపిస్తోంది. తేదీ మాత్రం కిటికీ మధ్యలో నిలవడం లేదు. 22 కిందికి జారిపోయి, పైన ఇంకో అంకె అంచు తొంగిచూస్తోంది. మూవ్‌మెంట్ మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఆ సలహా ఇచ్చినవాళ్లు డయల్ తీసి చూసి ఉండరు.

ముందు డయల్ వెనక కాళ్లు, అంటే డయల్‌ని మూవ్‌మెంట్‌కి నిలిపే సన్నటి పిన్నులు, చూడండి. ఇలాంటి డయల్స్ చాలావాటికి నాలుగు కాళ్లుంటాయి. రెండు, క్రౌన్ మూడు దగ్గరుండే కేసుకి; మిగతా రెండు, నాలుగు వైపు ఉండేదానికి. మీకు అక్కర్లేని జతను కత్తిరించాలి. పొరపాటున కావాల్సిన జతను కత్తిరిస్తే, కిటికీ ఒక చోట, క్రౌన్ ఇంకో చోట అవుతాయి.

కాళ్లు సరిగ్గానే ఉంటే, తేడా తేదీ చక్రంలో ఉన్నట్టే. చక్రం మీద 31 అంకెలు. అంటే ఒక అంకెకీ తర్వాతిదానికీ మధ్య 11.6 డిగ్రీలు. క్రౌన్ మూడు దగ్గరుంటుందని లెక్కేసి అచ్చేసిన చక్రం అక్కడే మధ్యలో ఆగుతుంది. మూవ్‌మెంట్‌ని సరిగ్గా నాలుగుకి తిప్పితే 30 డిగ్రీలు, అంటే సుమారు రెండున్నర అంకెలు. ఆ అరే మీ కిటికీలో కనిపిస్తోంది. క్రౌన్ 3.8 దగ్గర, అంటే నాలుగుకి కాస్త ముందే, ఉండే కేసైతే 24 డిగ్రీలే, రెండు అంకెలకి కాస్త ఎక్కువ. తేడా పెద్దగా తెలియదు. అందుకే ఇంకొకరి కేసుకి అదే చక్రం సరిపోయి, మీకు సరిపోకపోవచ్చు. కేసు కొనేటప్పుడు ‘నాలుగు’ అన్న మాట నమ్మకుండా కోణం కొలుచుకోవడం మంచిది.

మీ క్రౌన్ స్థానానికి అచ్చేసిన చక్రం విడిగా తెప్పించుకుని మార్చడమే మందు. కిటికీని ఆకురాయితో పెద్దది చేసుకునేవాళ్లున్నారు. నాకు ఆ పని నచ్చదు. పెయింట్ అంచు పెచ్చులూడితే ఇక డయల్ మొత్తం పోయినట్టే.

చక్రం మార్చాక ముళ్లు పెట్టకుండానే డయల్ ఆనించి, ఐగ్లాస్‌తో (కంటికి పెట్టుకునే భూతద్దం) 31 అంకెలూ తిప్పి చూడండి. 1, 7 చూసి సరిపెట్టుకోకండి. సన్నటి అంకె పక్కకి జరిగినా కంటికి ఆనదు. 20, 28 లాంటివి వెంటనే పట్టిస్తాయి. కాళ్లు కత్తిరించేసి జిగురు చుక్కలతో అతికించేవాళ్లు ఆ చుక్కలు తేదీ చక్రానికి తగలకుండా, బయటి ప్లాస్టిక్ రింగు మీదే పెట్టాలి. తగిలితే చక్రం ఇరుక్కుంటుంది.

ప్రశ్న: నా వాచీలో తేదీ మధ్యాహ్నం మూడున్నరకి మారుతోంది. డయల్ మార్చాకే ఇలా అయ్యింది.

జవాబు: ముళ్లు తేదీ చూసుకోకుండా పెట్టేశారు. మళ్లీ తీయాల్సిందే. క్రౌన్‌ని టైమ్ పెట్టే స్థానంలోకి లాగి, ముందుకే తిప్పండి. తేదీ మెల్లగా కదలడం మొదలైందని ఆగిపోవద్దు. అది పూర్తిగా మారి నిలబడిన క్షణాన ఆపి, గంటల ముల్లూ నిమిషాల ముల్లూ సూటిగా 12 మీద పెట్టండి. ఆ తర్వాత కొన్ని నిమిషాలు అటూఇటూ అయినా టెన్షన్ పడకండి. ఇంకో మాట: రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున నాలుగుకీ మధ్య తేదీని క్రౌన్‌తో నేరుగా మార్చొద్దు, ఆ వేళ తేదీ మార్చే చక్రాల పళ్లు పట్టుకుని ఉంటాయి.

ప్రశ్న: ఆరు దగ్గర కిటికీ ఉన్న డయల్ పెట్టాను. అంకెలు పక్కకి పడుకుని కనిపిస్తున్నాయి.

జవాబు: అది అంకెలు పక్కకి జరగడం కాదండీ, చక్రం మూడు దగ్గర నిటారుగా చదవడానికి అచ్చేసింది. ఎంత సర్దినా నిలబడదు. ఆరు కిటికీకి అచ్చేసిన చక్రం దొరికితే వేసుకోండి, లేదంటే తేదీ లేని డయల్‌కి మారిపోండి.