సోల్‌స్టిస్ కాన్యన్‌లో జలపాతం కనిపించలేదన్నారు కదా, కారణం ఇదీ

కాలిఫోర్నియాలో మాలిబు దగ్గరున్న ఈ లోయకి వెళ్లి, "నీడే లేని ఏటవాలు దారి"లో నడిచినా జలపాతం కనిపించలేదని, ఈసారి అమ్మానాన్నలతో వెళ్లాలని రాశారు. ఆ దారి బహుశా రైజింగ్ సన్ ట్రయల్ (కాలిబాట) అయ్యుంటుంది. అదీ జలపాతం ముందున్న పాత ఇంటి శిథిలాల దగ్గరికే వెళ్తుంది కానీ కొండ మీదుగా. అమ్మానాన్నలతో ఆ దారి వద్దు.

1. మాలిబు దగ్గర కోస్ట్ హైవే మీంచి కోరల్ కాన్యన్ రోడ్డు ఎక్కండి. వారాంతాల్లో పార్కింగ్ త్వరగా నిండిపోతుంది, పెందలాడే చేరుకోండి.

2. పార్కింగ్ నుంచి సోల్‌స్టిస్ కాన్యన్ ట్రయల్ పట్టుకోండి. వాగు పక్కనే, చెట్ల నీడలో, చాలావరకు చదునైన దారి. ఒకవైపు మైలు పైచిలుకు.

3. దారి చివర ఇటుక మెట్లు, పొయ్యి గోడలు మిగిలిన ఇల్లు వస్తుంది. ఆర్కిటెక్ట్ పాల్ విలియమ్స్ డిజైన్‌తో 1952లో కట్టిన రాబర్ట్స్ కుటుంబం ఇల్లు ఇది, 1982 కార్చిచ్చు మంటల్లో కాలిపోయింది.

4. అందరూ పొరబడేది ఇక్కడే. ఫొటోలు దిగి వెనక్కి తిరిగేస్తారు. ఆగకండి! ఇంటి వెనక్కి వెళ్లి, వాగు వెంబడి ఎగువకి కొన్ని అడుగులు వేయండి. జలపాతం చప్పుడు వినిపిస్తుంది. రాళ్లకి పాచి ఉంటుంది, పెద్దవాళ్లని మెట్ల దగ్గరే కూర్చోబెట్టడం మేలు.

వానాకాలం అంటే అక్కడ చలికాలమే. జనవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్తే నీళ్లుంటాయి, ఆగస్టులో రాయి తడిగా ఉంటే అదే గొప్ప.

మూడేసి ఆకుల గుబురుని (పాయిజన్ ఓక్) ముట్టుకోవద్దు, దురద వదలదు. బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో దారి తెరిచి ఉందో లేదో చూడండి, మంటల తర్వాత మూసేస్తుంటారు.